మినీ ట్రక్కు ముందు చక్రం బేరింగ్ ఇంట్లో మార్చాలంటే: ఏ పనిముట్లు కావాలి, ఏ వరుసలో చేయాలి

తోతాపురి కోతలు మొదలయ్యే ముందు చిత్తూరు, తిరుపతి వైపు పికప్ బండ్లవాళ్లు ఒకటే అడుగుతుంటారు: "ముందు చక్రం గుయ్ మంటోంది, బేరింగ్ ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా? ఏమేం కొనాలి?" మార్చుకోవచ్చు. పని కంటే తయారీ పెద్దది. చాలామంది ఒక జాకీ, ఒక సుత్తి, ఒక స్క్రూడ్రైవర్ పెట్టుకుని మొదలుపెడతారు. మధ్యాహ్నానికి హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) చేతిలో ఉంటుంది, అందులోని బేరింగ్ కప్పు బయటికి రాదు, బండి కదలదు. కావలసినవన్నీ పక్కన పేర్చుకున్నాకే చక్రం లేపండి.

## 1. ఇది మీ బండికి వర్తిస్తుందా?

ముందు చక్రానికి ఇంజన్ పవర్ వెళ్లని చిన్న లోడు బండ్ల కోసమే ఇది. వాటిలో చాలావాటికి హబ్‌లో రెండు టేపర్ రోలర్ బేరింగులు ఉంటాయి. లోపలిది పెద్దది, బయటిది చిన్నది. ఒక్కో బేరింగ్‌లో రెండు ముక్కలు: రోలర్లున్న కోను, హబ్‌లో బిగుతుగా కూర్చునే కప్పు.

మీ బండికి సీలు చేసిన ఒకే ముక్క బేరింగ్ ఉంటే, దాన్ని తీయడానికీ ఎక్కించడానికీ హైడ్రాలిక్ ప్రెస్ కావాలి. హబ్ విప్పి వర్క్‌షాపుకు పట్టుకెళ్లండి, ఇంట్లో సుత్తితో ప్రయత్నించొద్దు. ఆరు టైర్లు, పది టైర్ల లారీ జోలికి ఇంట్లో అసలు పోవద్దు. ఆ హబ్, డ్రమ్ము బరువుకు ఒక మనిషి చాలడు.

## 2. పోయింది బేరింగేనా?

ఈ పరీక్ష చేయకుండా సామాను కొనొద్దు. పాత బండ్లలో కింగ్ పిన్ (స్టీరింగ్ తిప్పితే చక్రం పక్కకు తిరగడానికి ఆధారమైన పిన్) అరిగినా చక్రం అలాగే ఊగుతుంది.

- ముందు చక్రం నేల నుంచి లేపి, కింద స్టాండు పెట్టండి.
- టైరును పైన, కింద పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపండి. ప్లే (వదులు ఊగుడు) తెలుస్తుంది.
- ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టమని చెప్పి మళ్లీ ఊపండి.
- బ్రేకు తొక్కగానే ప్లే పోతే అది బేరింగుదే. తొక్కినా అలాగే ఉంటే కింగ్ పిన్ లేదా బాల్ జాయింట్ చూడాలి.
- బ్రేకు వదిలేసి చక్రం చేత్తో తిప్పుతూ, రెండో చెయ్యి స్ప్రింగు పట్టీ మీద ఆనించండి. గరగర ఆ పట్టీలోంచి చేతికి తెలుస్తుంది.

రోడ్డు మీద మోత స్పీడుతో పాటు పెరిగి, స్టీరింగ్ ఎడమకు తిప్పినప్పుడు ఎక్కువైతే కుడి చక్రాన్ని ముందు అనుమానించండి. మలుపులో బరువు బయటి వైపు చక్రం మీద పడుతుంది. టైరు గళ్లుగళ్లుగా అరిగినా ఇలాంటి మోతే వస్తుంది కాబట్టి టైరు మీద ఒకసారి చెయ్యి పెట్టి నిమిరి చూడండి.

## 3. పనిముట్లు

### 3.1 బండిని లేపి నిలబెట్టడానికి

- 5 టన్నుల హైడ్రాలిక్ బాటిల్ జాకీ
- ఒక్కొక్కటి 3 టన్నులు మోసే జాక్ స్టాండ్లు రెండు
- వెనక చక్రాలకు ముందూ వెనకా పెట్టడానికి నాలుగు కట్టె అడ్డులు
- జాకీ కింద వేయడానికి మందపాటి పలక

జాక్ స్టాండు అక్కర్లేదనే వాళ్లు మన దగ్గర ఎక్కువ. నా మాట మాత్రం ఒకటే: డబ్బు ఒక్క వస్తువుకే ఉంటే ముందు స్టాండ్లు కొనండి, బేరింగ్ వచ్చే నెల చూసుకోవచ్చు. బాటిల్ జాకీ లేపడానికే, నిలబెట్టడానికి కాదు. అందులో సీలు ఎప్పుడు దిగుతుందో ఎవరూ చెప్పలేరు. సిమెంటు ఇటుకలు, హాలో బ్లాకులు బరువు కింద చెప్పకుండా పగిలిపోతాయి. వాటిని బండి కింద పెట్టనే వద్దు.

విప్పిన చక్రాన్ని ఛాసిస్ కింద పడుకోబెట్టండి. ఖర్చు లేని రెండో కాపలా అది.

### 3.2 విప్పడానికి

- వీల్ పానా, దాని మీదికి పైపు ముక్క
- హబ్ నట్టుకు సరిపోయే సాకెట్ లేదా బాక్స్ పానా
- సన్న ముక్కు ప్లయరు, కటింగ్ ప్లయరు (హబ్ నట్టు తిరగకుండా ఆపే స్ప్లిట్ పిన్ కోసం)
- కాలిపర్ (డిస్క్ బ్రేకులో డిస్కును నొక్కి పట్టే భాగం) బోల్టులకు సరిపోయే రింగ్ పానాలు
- కాలిపర్‌ను వేలాడదీయడానికి కట్టు కమ్మీ
- వెడల్పు మూతి స్క్రూడ్రైవర్, గ్రీజు క్యాప్ కోసం చిన్న సుత్తి
- తుప్పు వదిలించే స్ప్రే

హబ్ నట్టు కొలత బండికో రకం. గ్రీజు క్యాప్ ముందుగానే ఒకసారి తీసి, వెర్నియర్‌తో నట్టు ఎదురెదురు పలకల మధ్య కొలిచి, ఆ సాకెట్టే కొనండి. సర్దుబాటు పానాతోనో, ఉలి పెట్టి కొట్టో నట్టు తిప్పే అలవాటు ఉంటే మానేయండి. మూలలు అరిగిన నట్టుతో బిగింపు సరిగా కుదరదు, ఈ పని ప్రాణమంతా ఆ బిగింపులోనే ఉంది.

### 3.3 కప్పులు తీయడానికి, కూర్చోబెట్టడానికి

- ఇత్తడి కడ్డీ: సుమారు 15 మి.మీ. లావు, జానెడు కంటే కాస్త పొడవు
- కిలో బరువు సుత్తి
- కప్పు ఎక్కించే బిళ్ల
- కళ్లద్దాలు

ఇంట్లో చేసే పని ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. కప్పు గట్టి ఉక్కు. దాన్ని ఉక్కు ఉలితో కొడితే పెచ్చు ఎగిరి కంట్లో పడుతుంది, లేదా హబ్ గీసుకుపోతుంది. ఇత్తడి మెత్తన, దెబ్బ తానే తింటుంది. పాత ఇత్తడి సామాన్ల కొట్లోనో, లేత్ పని చేసే చోటో ముక్క దొరుకుతుంది.

కప్పులు ఎక్కించే సెట్టు బజారులో కొనాల్సిన పని లేదు. కొత్త బేరింగులు రెండూ పట్టుకుని లేత్ షాపుకు వెళ్లండి. ఒక్కో కప్పు బయటి కొలత కంటే అర మి.మీ. తక్కువ వ్యాసంతో ఇనుప బిళ్ల తిప్పించుకోండి, వెనక పట్టుకోవడానికి పిడి అతికించమనండి. బిళ్ల అంచు కప్పు అంచు మీదే ఆనాలి, రోలర్లు తిరిగే ఏటవాలు ముఖాన్ని తాకకూడదు.

అదీ వద్దనుకుంటే పాత కప్పునే వాడొచ్చు. బయటి వైపు గ్రైండర్‌తో కొంచెం అరగదీసి, తిరగేసి కొత్త కప్పు మీద పెట్టి కొట్టాలి. అరగదీయకుండా పెడితే అదీ కొత్త కప్పుతో పాటు హబ్‌లో ఇరుక్కుంటుంది.

### 3.4 కొలవడానికి

- వెర్నియర్
- టార్క్ రెంచ్ (నట్టు ఎంత బలంతో బిగుస్తోందో చూపే పానా)
- అయస్కాంతపు స్టాండుతో డయల్ గేజ్ (సన్న కదలికను ముల్లుతో చూపేది)
- సన్న ఫీలర్ గేజ్ (సందు కొలిచే రేకు)

డయల్ గేజ్ కొనక్కర్లేదు, తెలిసిన లేత్ షాపులో ఒక పూటకు అడిగి తెచ్చుకోవచ్చు. టార్క్ రెంచ్ మాత్రం కొనండి, చక్రం నట్లకూ పనికొస్తుంది.

### 3.5 శుభ్రం చేయడానికి, గ్రీజుకు

- వెడల్పు డబ్బా, పాత బ్రష్షు, డీజిల్
- దారపు పోగులు రాలని గుడ్డలు
- బ్రేక్ క్లీనర్ స్ప్రే, మాస్కు, చేతి తొడుగులు
- వీల్ బేరింగులకని రాసి ఉన్న లిథియం గ్రీజు, గ్రేడు 2 లేదా 3, బండి పుస్తకంలో ఉన్న ప్రకారం

పెట్రోలుతో కడగొద్దు. నిప్పు అంటుకోవడానికి ఒక్క రవ్వ చాలు.

## 4. విడిభాగాలు: ఏం అడిగి కొనాలి?

కొట్టుకు వెళ్లి "ఫలానా బండి బేరింగ్" అని అడగకండి. ఒకే పేరున్న బండికి వేర్వేరు ఏళ్లలో వేర్వేరు కొలతలు ఉండొచ్చు. పాత బేరింగ్ మీద చెక్కిన నంబరు చెప్పండి. అది ఐదంకెల మెట్రిక్ నంబరైతే చివరి రెండంకెలను 5తో హెచ్చించండి, కోను రంధ్రం మి.మీ.లో వస్తుంది. 30206 అంటే రంధ్రం 30 మి.మీ., కప్పు బయటి వ్యాసం 62 మి.మీ. వెర్నియర్ పెట్టి కొట్లోనే సరిచూడండి.

- లోపలి, బయటి బేరింగులు, కోను కప్పు జతగా
- ఆయిల్ సీలు
- స్ప్లిట్ పిన్‌లు రెండు మూడు
- లాక్ వాషర్ రకమైతే కొత్త వాషర్
- నొక్కుకుపోతే కొత్త గ్రీజు క్యాప్

కోను మాత్రమే మార్చి పాత కప్పు వదిలేయడం దొంగ పొదుపు. అరిగిన కప్పులో కొత్త రోలర్లు ఎక్కువ కాలం నిలవవు.

## 5. చోటు, వేళ

సిమెంటు గచ్చు, సమంగా ఉన్న నేల. మట్టి మీదైతే పలక తప్పనిసరి. ఎండాకాలం సాయంత్రం గాలి దుమారం లేచే వేళ హబ్ తెరిచి పెట్టుకోవద్దు. గ్రీజులో పడ్డ ఇసుక ఎమ్రీ పేపరులా పని చేస్తుంది. పొద్దున్నే మొదలుపెట్టండి. కొట్లు తెరిచి ఉండే రోజు చూసుకోండి, ఆదివారం సీలు చినిగితే సోమవారం దాకా బండి స్టాండు మీదే.

## 6. విప్పే వరుస

1. బండి ఖాళీ చేసి, హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో పెట్టి, వెనక చక్రాలకు అడ్డులు పెట్టండి.
2. చక్రం నేల మీద ఉండగానే నట్లు కొంచెం వదులు చేయండి. కొన్ని లారీల్లో ఎడమ వైపు నట్లు ఎడమ చుట్టు మరలవి ఉంటాయి. పైపు వేసి లాగే ముందు స్టడ్ చివర గుర్తు చూడండి.
3. ముందు యాక్సిల్ దూలం కింద జాకీ పెట్టి లేపి, స్టాండు పెట్టి, దాని మీదికి దించండి. దూలం లేని బండికి పుస్తకంలో చూపిన చోటే జాకీ పెట్టాలి.
4. చక్రం విప్పి ఛాసిస్ కిందికి తోయండి.
5. డిస్క్ బ్రేకైతే కాలిపర్ విప్పి కమ్మీతో కట్టి వేలాడదీయండి. బ్రేకు గొట్టం మీద బరువు పడకూడదు. డ్రమ్ము అయితే లైనింగ్ సర్దుబాటు వదులు చేయండి. డ్రమ్ముకు మర ఉన్న రంధ్రాలు రెండుంటే, వాటిలో బోల్టులు సమంగా బిగిస్తూ పోతే అదే బయటికి వస్తుంది.
6. ఏబీఎస్ సెన్సర్ ఉంటే ముందే విప్పి పక్కకు పెట్టండి.
7. గ్రీజు క్యాప్ చుట్టూ మెల్లగా తడుతూ తీయండి.
8. స్ప్లిట్ పిన్ కాళ్లు నిటారు చేసి లాగండి, నట్టు, వాషర్ తీయండి.
9. హబ్‌ను కొంచెం ముందుకు లాగండి, బయటి కోను జారుతుంది, అరచెయ్యి అడ్డం పెట్టి పట్టుకోండి. తర్వాత హబ్ మొత్తం లాగండి.
10. సీలును స్క్రూడ్రైవర్‌తో ఎత్తి తీసేయండి, లోపలి కోను వస్తుంది.

తీసిన ప్రతి భాగాన్నీ వరుసగా ఒక పాత పేపరు మీద పెట్టుకుంటూ, ప్రతి మెట్టుకూ ఫోనులో ఫోటో తీయండి.

బ్రేకు దుమ్మును గాలి కొట్టి ఊదొద్దు, నోటితో అసలే వద్దు. క్లీనర్‌తో తడిపి గుడ్డతో తుడవండి.

## 7. పాత బేరింగును పారేసే ముందు చదవండి

దీన్ని ఎవరూ పట్టించుకోరు. కారణం తెలియకుండా కొత్తది వేస్తే అదే కారణం దీన్నీ తినేస్తుంది.

రోలర్లు నీలం రంగుకు తిరిగితే వేడెక్కింది. బిగింపు ఎక్కువై ఉండాలి, గ్రీజు చాలకపోయి ఉండాలి, లేదా బ్రేకు పట్టేసి ఉండాలి. మదనపల్లె వైపు నుంచి టమాటా లోడుతో భాకరాపేట ఘాట్ దిగే బండ్లకు, పలమనేరు నుంచి మొగిలి ఘాట్ దిగే బండ్లకు ఈ మూడోది ప్రత్యేకంగా చూడాలి. దిగుడంతా బ్రేకు మీద కాలు పెట్టి నడిపితే ఆ వేడి డ్రమ్ము నుంచి హబ్‌కు పాకుతుంది. గ్రీజు పలచబడి సీలు దాటి లైనింగ్ మీదికి కారుతుంది. బేరింగ్ మార్చినా, గ్రీజు తాగిన లైనింగ్ అలాగే వదిలేస్తే బ్రేకు ఒక పక్కకు లాగుతుంది. లైనింగ్ కూడా మార్చాలి. డ్రైవరుకు సెకండ్ గేరులో దిగమని చెప్పాలి.

తుప్పు మచ్చలు, పాల రంగు గ్రీజు కనిపిస్తే నీళ్లు చేరాయి. వానాకాలం వంకల్లో చక్రం మునిగేలా దాటిన బండ్లకు ఇది మామూలే. సీలు కూర్చునే చోట గాడి పడిందేమో వేలి గోరుతో చూడండి. గోరు ఇరుక్కుంటే కొత్త సీలు కూడా కారుతుంది.

కప్పు మీద రోలరు రోలరుకూ మధ్య ఉన్నంత దూరంలో గుంటలు పడితే అది గుద్దుడు దెబ్బ: గుంతలో ఓవర్‌లోడు, లేదా ఎక్కించేటప్పుడు సుత్తి. ముఖం మీద పెచ్చులు లేస్తే వయసైపోయింది, అంతే.

ఇప్పుడు స్టబ్ యాక్సిల్ (హబ్ ఎక్కి తిరిగే ఇరుసు) తుడిచి చూడండి. కోను కూర్చునే చోట నీలం రంగు, లోతైన గాడి, లేదా చీలిక గీత కనిపిస్తే పని అక్కడే ఆపేయండి. అది మార్చాల్సిన భాగం, ఎమ్రీ పేపరు పని కాదు.

## 8. కప్పుల పని

హబ్‌ను చెక్క పలక మీద పెట్టండి. లోపలికి చూస్తే కప్పు వెనక అంచు దొరికేలా ఎదురెదురుగా గాళ్లు ఉంటాయి. ఇత్తడి కడ్డీ అక్కడ ఆనించి, ఒక దెబ్బ ఇటు, ఒక దెబ్బ అటు. ఒకే పక్క కొడితే కప్పు వంకర తిరిగి హబ్‌ను కొరుకుతుంది.

కప్పు వచ్చాక హబ్ లోపలి గోడ నున్నగా ఉందేమో చూడండి. కప్పు చేత్తోనే ఊడి వచ్చిందంటే హబ్ అరిగింది. కొందరు ఆ గోడ మీద పంచ్ పెట్టి చుక్కలు కొట్టి కప్పును బిగుతు చేస్తారు. అలా చేసినది వారం నిలబడినా ఘాట్‌లో నిలబడదు. హబ్ మార్చండి.

కొత్త కప్పులను ముందు రాత్రి కవరులో చుట్టి ఫ్రిజ్ ఫ్రీజరులో పెట్టండి. కొంచెం కుంచించుకుని తేలిగ్గా దిగుతాయి. (ఇంట్లోవాళ్లకు చెప్పి పెట్టండి.) వెడల్పు నోరు బయటికి ఉండేలా కప్పు పెట్టి, బిళ్లతో తిన్నగా కొట్టండి. దిగుతున్నంతసేపు దెబ్బ శబ్దం మొద్దుగా ఉంటుంది, అడుగు తగలగానే ఖణేల్‌మంటుంది. అప్పుడు ఆపేయండి. కప్పు వెనక సన్నటి ఫీలర్ గేజ్ ఎక్కడా దూరకూడదు.

## 9. గ్రీజు కూరడం

పాత గ్రీజు ఆనవాలు లేకుండా కడిగి, డీజిల్ చెమ్మ పూర్తిగా ఆరనివ్వండి. కంప్రెసర్ గాలితో కోనును గిర్రున తిప్పొద్దు. రోలర్లను పట్టి ఉంచే పంజరం విడిపోయి అవి ఎగిరిన సందర్భాలున్నాయి. రెండు రకాల గ్రీజు కలపొద్దు, కొన్ని ఒకదాన్నొకటి విరగ్గొట్టి నీరు చేస్తాయి.

అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకోండి. కోను వెడల్పు అంచుతో ఆ ముద్దను గీరుతూ నొక్కండి. రోలర్ల మధ్య నుంచి అవతలి అంచున గ్రీజు పొంగి వచ్చేదాకా నొక్కి, కొంచెం తిప్పి మళ్లీ. చుట్టూ పూర్తవ్వాలి. పైపైన పూయడం కూరడం కిందికి రాదు.

హబ్ బోలులో మూడో వంతు నుంచి సగం లోపు గ్రీజు చాలు. ఎక్కువ నింపితే మేలనుకుంటారు, కానీ వేడికి ఉబ్బి సీలును తోసి బ్రేకులోకి వస్తుంది.

లోపలి కోను పెట్టి, సీలు ఎక్కించండి. సీలు పెదవి, అందులోని సన్న స్ప్రింగు బేరింగ్ వైపు ఉండాలి. పెదవికి కొంచెం గ్రీజు రాయండి. సీలును చదునైన పలకతో సమంగా దించండి.

## 10. బిగింపు

హబ్‌ను స్టబ్ యాక్సిల్ మీదికి తిన్నగా తోయండి, మరలకు సీలు గీసుకోకూడదు. బయటి కోను, వాషర్, నట్టు.

బండి పుస్తకంలో టార్క్ అంకె, వెనక్కి తిప్పాల్సిన కొలత ఉంటాయి. ఉంటే అదే వేదం. కొన్ని బండ్లకు హబ్ తిప్పడానికి పట్టే లాగుడు బలాన్ని స్ప్రింగ్ త్రాసుతో చూడమంటారు, అప్పుడు అలాగే చేయాలి. పుస్తకం దొరక్కపోతే మామూలు పద్ధతి ఇది:

1. ఒక చేత్తో హబ్ తిప్పుతూ, ఇంకో చేత్తో నట్టు బిగించండి. హబ్ తిరగడం బరువెక్కేదాకా. తిప్పకుండా బిగిస్తే రోలర్లు తమ చోట కూర్చోవు.
2. నట్టు పూర్తిగా వదులు చేయండి.
3. మళ్లీ వేళ్లతో మాత్రమే బిగించండి.
4. స్ప్లిట్ పిన్ రంధ్రం కలవకపోతే నట్టును వెనక్కి తిప్పి కలపండి. ముందుకు బిగించి కలపొద్దు.
5. డయల్ గేజ్ హబ్ మీద నిలబెట్టి, ముల్లు స్టబ్ యాక్సిల్ కొసకు ఆనించి హబ్‌ను లాగి తోయండి. ఇలా సర్దే బేరింగులకు సాధారణంగా 0.025 నుంచి 0.125 మి.మీ. మధ్య ప్లే ఉండాలి.
6. కొత్త స్ప్లిట్ పిన్ పెట్టి కాళ్లు వంచండి. లాక్ వాషర్ రకమైతే నాలుకను నట్టు పలక మీదికి వంచండి.

"కొత్తది కదా, గట్టిగా పడాలి" అని పూర్తిగా బిగించేసేవాళ్లు ఉన్నారు. టేపర్ బేరింగును చంపడానికి అంతకంటే దగ్గరి దారి లేదు. కాస్త వదులుగా ఉన్నది మోత పెట్టి చెబుతుంది, బిగుతుగా ఉన్నది చెప్పకుండా కాలిపోతుంది.

గ్రీజు క్యాప్, కాలిపర్ లేదా డ్రమ్ము, చక్రం ఎక్కించండి. చక్రం నట్లు ఎదురెదురుగా బిగిస్తూ రండి, చివరి టార్క్ నేల మీద దించాకే. బండి కదిపే ముందు బ్రేకు పెడల్ రెండు మూడుసార్లు తొక్కి గట్టిపడిందని చూసుకోండి. డ్రమ్ము బ్రేకైతే వదులు చేసిన సర్దుబాటును తిరిగి సరిచేశారా?

## 11. తేడా వస్తే

- చక్రం బరువుగా తిరుగుతోంది: నట్టు బిగుతు, లేదా సీలు వంకర. క్యాప్ తీసి మళ్లీ సర్దండి.
- మార్చినా మోత పోలేదు: ఇంకో పక్క చక్రం చూడండి. శబ్దం ఏ వైపుదో క్యాబిన్‌లో కూర్చుంటే తేల్చడం కష్టం.
- ఒక రోజుకే ప్లే వచ్చింది: కప్పు అడుగుకు దిగలేదు. నట్టు బిగించి సరిపెట్టొద్దు, విప్పాలి.
- హబ్ వెనక గ్రీజు కారుతోంది: సీలు తిరగేసి పెట్టారు, లేదా గ్రీజు ఎక్కువైంది.

## 12. మొదటి ప్రయాణం

లోడు లేకుండా, చదును రోడ్డు మీద. తిరుపతి వాళ్లకు రేణిగుంట వైపు వెళ్లి రావడం సరిపోతుంది. ఘాట్ వైపు మొదటి రోజు వద్దు. దారిలో బ్రేకు తక్కువ వాడుతూ వచ్చి ఆపి, చేతి వెనక భాగాన్ని మొదట దగ్గరగా పెట్టి, తర్వాత తాకి, రెండు ముందు హబ్‌ల వేడి పోల్చండి. కొంచెం వెచ్చదనం సహజమే. మార్చిన వైపు చెయ్యి ఆనించలేనంత కాలుతుంటే నట్టు మళ్లీ చూడాలి.

మొదటి 50 నుంచి 100 కిలోమీటర్ల లోపు చక్రం నట్లకు టార్క్ రెంచ్ మళ్లీ వేయండి. మామిడికాయల లోడు ఎత్తే ముందు ఒకసారి చక్రం లేపి ప్లే చూడండి. పల్ప్ ఫ్యాక్టరీ గేటు ముందు క్యూలో నిలబడ్డాక చక్రం విప్పడానికి చోటు దొరకదు.